చెప్పు బాగుండాలి, కాలూ దక్కాలి

బొబ్బిలి: ఇక్కడికి దగ్గర్లోని ఒక సంతలో, ఎండు చేపల వరస దాటాక, రావిచెట్టు కింద గోనె పరుచుకుని కూర్చునే చెప్పులు కుట్టే ఆయన దగ్గర పోయిన నెలలో ఒక వింత బేరం నడిచింది. బేరం చేస్తున్నది యాభై ఏళ్ల ఇల్లాలు. పేచీ ధర మీద కాదు, చెప్పు వెనక పట్టీ మీద. పట్టీ ఉండి తీరాలని ఆయన, ఉన్నా కనబడకూడదని ఆమె. అరగంట సేపు ఇద్దరూ తగ్గలేదు. కూరగాయల సంచీతో పక్కన నిలబడ్డ ఈ విలేకరికి మొదట నవ్వు వచ్చింది. సంగతి తెలిశాక నవ్వు పోయింది.

ఆ ఇల్లాలికి చిన్నతనంలో కుష్ఠు వచ్చింది. 1990 ప్రాంతంలో రెండేళ్ల పాటు ప్రభుత్వం ఇచ్చిన మాత్రలు మింగింది. రోగం పోయింది. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు. ఆమె వల్ల ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. అయితే మందు పని చేసే లోపలే దెబ్బతిన్న నరాలు తిరిగి రాలేదు. రెండు అరికాళ్లకూ స్పర్శ లేదు. ఎడమ కాలి వేళ్లు కొంచెం వంకర తిరిగాయి. చీర కుచ్చిళ్లు కిందికి ఉంటే ఎవరికీ తెలియదు.

పోయిన వైశాఖంలో ఆడపడుచు కూతురి పెళ్లికి వెళ్తూ, రోజూ వేసుకునే నల్ల చెప్పులు ఇంట్లో వదిలేసి, బజారులో కొన్న బంగారు రంగు మడమ చెప్పులు వేసుకుంది. పొద్దున్న నుంచి రాత్రి దాకా పందిట్లో తిరిగింది, వడ్డించింది, బంధువులను పలకరించింది. రాత్రి చాప మీద కూర్చుంటే చాపకు నెత్తురు అంటింది. చెప్పు లోపల చిన్న చీల ఒకటి పైకి లేచి, రోజంతా అరికాల్లో దిగుతూనే ఉంది. ఆమెకు తెలియదు.

ఆ పుండు మానడానికి అయిదు నెలలు పట్టింది. ఆ అయిదు నెలలూ కూలి లేదు. ఊడుపుల కాలమంతా మంచం మీదే గడిచింది.

"ఆ నల్ల సెప్పులేసుకుంటే పెద్దరోగం మనిసని ఊరంతా సూస్తాది బాబూ. ఏసుకోకపోతే కాలు పోతాది. నానేటి సెయ్యాలి?" అని ఆమె అడిగింది. ఇప్పుడు వచ్చే మాఘంలో కొడుకు పెళ్లి. ఈసారి ఆమె పెళ్లికొడుకు తల్లి. వియ్యాలవారి ఊరు కొత్త, వాళ్లకు పాత సంగతి తెలియదు. దాచి చేస్తున్నారా అని అడిగితే, కొడుకు అమ్మాయికి ముందే చెప్పాడట. పెద్దవాళ్లకు మాత్రం చెప్పలేదు.

నొప్పి తెలియని కాలు

మనలో చాలామంది కుష్ఠు రోగికి మాంసం కుళ్లి వేళ్లు రాలిపోతాయని ఇప్పటికీ అనుకుంటారు. వైద్యులు కూడా ఒకప్పుడు ఇంచుమించు అలాగే అనుకున్నారు. ఆ అభిప్రాయాన్ని మార్చిన వారిలో ముఖ్యుడు డాక్టర్ పాల్ బ్రాండ్. ఆయన 1914లో తమిళ దేశంలోని కొల్లి కొండల్లో పుట్టిన ఆంగ్లేయుడు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చి, తర్వాత దగ్గర్లోని కరిగిరి కుష్ఠు పరిశోధన కేంద్రంతో కలిసి పని చేశారు. పుండ్లు రోగం వల్ల కాదు, దెబ్బ తగిలినా తెలియకపోవడం వల్ల పడుతున్నాయని ఆయన రోగుల చేతులూ కాళ్లూ రోజూ పరిశీలించి తేల్చారు. రాత్రి పడుకున్నప్పుడు ఎలుకలు కొరికినా తెలియని వాళ్లున్నారని కూడా అప్పుడే బయటపడింది.

స్పర్శ ఉన్న మనిషి ఎలా నడుస్తాడో ఒకసారి గమనించండి. మైలు దూరం నడిచాక పాదంలో ఒక చోట నొప్పి మొదలైతే, తనకు తెలియకుండానే బరువు పక్కకు వేస్తాడు. గులకరాయి గుచ్చితే ఆగి చెప్పు దులుపుతాడు. చెప్పు కరిస్తే కుంటుతాడు. ఆ కుంటడమే కాలిని కాపాడుతుంది. నరం చచ్చిన కాలు కుంటదు. ఒకే చోట, ముఖ్యంగా బొటనవేలి మొదట్లో ఎముక ఉబ్బెత్తుగా ఉండే చోట, వేల అడుగుల పాటు అదే బరువు పడుతుంది. లోపల మాంసం నలుగుతుంది. పైన ముందు ఎరుపు, తర్వాత కాయ, ఆ తర్వాత పుండు.

ఇది కుష్ఠు ఒక్కదాని గొడవ అనుకుంటే పొరపాటు. చక్కెర వ్యాధి ముదిరిన వాళ్లకూ ఇదే వరస, పైగా వాళ్లకు కాలికి నెత్తురు పోయే దారులు కూడా సన్నబడతాయి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే లెక్కన దేశంలో 10 కోట్ల మందికి పైగా చక్కెర వ్యాధి ఉంది. కుష్ఠు సంగతి చూస్తే, పదివేల మందికి ఒక కేసు కన్నా తగ్గిందని 2005 చివరికి దేశం ప్రకటించుకుంది. అంటే రేపు మన ఊళ్లలో మెత్తటి చెప్పులు కావలసిన వాళ్లలో ఎక్కువ మంది సుగరు రోగులే.

నల్ల చెప్పు కథ

ఆస్పత్రుల్లో ఇచ్చే చెప్పును ఎంసీఆర్ చెప్పు అంటారు. మైక్రో సెల్యులర్ రబ్బరు అని దాని పూర్తి పేరు. రబ్బరు లోపల కంటికి కనబడనంత చిన్న గాలి గదులుంటాయి. అడుగు వేస్తే అణుగుతుంది, ఎత్తితే లేస్తుంది. అందువల్ల బరువు ఒక్క చోట పడక పాదమంతా పరుచుకుంటుంది. దాని కింద ముల్లు దిగని గట్టి రబ్బరు అడుగు వేస్తారు. మెత్తన ఒక్కటే ఉంటే తుమ్మ ముల్లు తిన్నగా కాల్లోకే వస్తుంది, గట్టిది ఒక్కటే ఉంటే పుండు పడుతుంది. రెండూ ఉండాలి.

"బొటనవేలితో పైనుంచి, సూపుడు వేలితో కిందినుంచి నొక్కి సూడండి. సగానికి అణగాలి, వొదిలేస్తే టక్కున లేవాలి. రాయిలాగున్నా పనికిరాదు, దూదిలాగున్నా పనికిరాదు" అని చెప్పులు కుట్టే ఆయన ముక్క చేతికిచ్చి చూపించారు. ఆయన ఒక కుష్ఠు ఆస్పత్రి చెప్పుల షెడ్డులో ఆరేళ్లు పని చేసి వచ్చిన మనిషి. బజారులో దొరికే హవాయి చెప్పు స్పాంజి మొదట మెత్తగానే ఉంటుందనీ, కాలు పడే చోట కొద్ది రోజుల్లోనే అట్టముక్కలా అయిపోతుందనీ ఆయన అంటారు. పైగా దాని బొత్తం బొటనవేలికీ పక్కవేలికీ మధ్య ఒరుసుకుంటుంది. స్పర్శ లేని వాళ్లకు అదే మొదటి పుండు.

చీలలు కొట్టకూడదన్నది రెండో నియమం. జిగురు, దారం, అంతే. మూడోది మడమ వెనక పట్టీ. మామూలు మనిషి చెప్పు జారకుండా వేళ్లతో బిగబట్టి నడుస్తాడు. వేళ్లలో బలం లేని వాళ్లకు చెప్పు జారి, కాలు ముందుకూ వెనక్కూ రాసుకుంటుంది. కొందరికి చెప్పు ఊడిపోయినా తెలియదు, ఒక కాలికి చెప్పుతో ఇంటికి వచ్చేస్తారు.

స్పర్శ పోయిన కుష్ఠు రోగులకు ఈ చెప్పులు జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమం కింద ఉచితం. రబ్బరు అణగారిపోతుంది కనుక ఏడాదికి రెండు జతలు ఇవ్వాలి. ఇంత మంచి వస్తువు, ఖర్చు లేదు, అయినా ఎన్నో ఇళ్లలో అటక మీద ఉంటుంది. ఎందుకని అడిగితే అందరిదీ ఒకటే జవాబు. నల్లటి లావు అడుగు, అడ్డంగా రెండు వెడల్పు పట్టీలు, వెనక అంటుకునే పట్టీ. వంద గజాల దూరం నుంచి చూసినా అది ఏ చెప్పో ఊళ్లో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. మాత్రలు పోగొట్టిన పేరును చెప్పు మళ్లీ తెచ్చి పెడుతుంది. ఈమధ్య కొన్ని చోట్ల రంగురంగులవీ, బజారు చెప్పుల మాదిరివీ చేస్తున్నారు. కానీ అందరికీ అందడం లేదు. ఒక చోట అయితే వచ్చినవన్నీ మగవాళ్ల కొలతలే కావడంతో ఆడవాళ్లు ముందు గుడ్డ పీలికలు కుక్కుకుని నడుస్తున్నారు. ఆ పీలికల వల్ల పుండు పడితే చెప్పు ఇచ్చి ఏమి లాభం?

భార్యకో భర్తకో కుష్ఠు ఉందంటే విడాకులకు అది కారణంగా చెల్లే నిబంధనను 2019లో చట్టం నుంచి తీసేశారు. చట్టంలో పోయింది. పెళ్లి పందిట్లో పోయిందా అన్నదే ఆ ఇల్లాలి భయం.

కిర్రు లేని చెప్పు చెప్పేనా?

అదే సంతలో అదే గోనె మీద రెండో కథ ఉంది. అది ఒక పాత మునసబు గారి ఇంటి పెద్దాయనది. మునసబు పదవులు 1984లో పోయాయి గానీ ఊళ్లో ఆ ఇంటి పేరు పోలేదు. పెద్దాయనకు డెబ్బై ఏళ్లు దాటాయి. యవ్వనం నుంచీ కిర్రు చెప్పులు తప్ప మరొకటి వేయలేదు. ఆయన వీధి మలుపు తిరగక ముందే చప్పుడు వచ్చేది. అరుగు మీద చీట్లాడే వాళ్లు సర్దుకునేవారు.

ఇరవై ఏళ్లుగా ఆయనకు సుగరు. మూడేళ్ల క్రితం కుడి కాలి రెండో వేలు తీసేశారు. కారణం ఉంగటం. బొటనవేలు దూర్చే ఆ తోలు ఉంగరం కొత్తలో గట్టిగా ఉండి వేళ్ల సందు కోసింది. నొప్పి తెలియలేదు. పుండు పక్క వేలికి పాకి ఎముక దాకా వెళ్లాక గానీ ఇంట్లో వాళ్లు చూడలేదు. పట్నంలో డాక్టరు మెత్తటి బూట్ల వంటివి రాసిచ్చారు. పెద్దాయన వాటిని ఒక్క రోజు వేసుకుని, "ఇవి ఆస్పత్రి బంట్రోతు చెప్పులు" అని మూలన పడేశారు. వట్టి కాళ్లతోనైనా తిరుగుతాను గానీ అవి వేయనన్నారు. అన్నంత పనీ చేశారు.

చివరకు మనవడు సంతకు తీసుకువచ్చాడు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. చెప్పులు కుట్టే ఆయన తండ్రి ఆ మునసబు గారి ఇంటి ముందు నుంచి వెళ్లేటప్పుడు చెప్పులు చేత పట్టుకుని వెళ్లేవాడు. ఊరందరికీ చెప్పులు కుట్టిన మనిషి ఆ వీధిలో చెప్పు వేయకూడదు. ఆ సంగతి ఆయన ఏ కోపమూ లేకుండా, ఆరెతో తోలు పొడుస్తూనే చెప్పారు. "ఇప్పుడు ఆ బాబు కాలు నా తొడ మీద పెట్టుకుని కొలత తీసినాను. 'ఏమోయ్, కాలు పోకుండా చూడు' అన్నారు. మునుపు 'ఒరే' అనేవారు."

కొలత అంటే మామూలు కొలత కాదు. తడి కాలితో మట్టి నేల మీద నిలబెట్టి అచ్చు చూశారు. ముందు భాగంలో ఎక్కడ గుంట లోతుగా పడిందో అక్కడ ఎంసీఆర్ లోపల కొద్దిగా చెక్కి, దాని వెనక చిన్న దిమ్మె అతికించారు. బరువు ఆ దిమ్మె మీదకు వెళ్లి పుండు పడిన చోటు తేలికవుతుంది. పైన తోలు, కింద తోలు పొరలు, మధ్య ఎంసీఆర్. ఉంగటం తీసేసి వెడల్పు పట్టీ, లోపలి వైపు మెత్తటి గొర్రె తోలు. మడమ పట్టీ అదే రంగు తోలుతో.

అన్నీ కుదిరాయి గానీ కిర్రు రాలేదు! తోలు పొరలు ఒకదానితో ఒకటి ఒరుసుకుంటే వచ్చే చప్పుడు అది. మధ్యలో రబ్బరు, జిగురు చేరేసరికి నోరు మూసుకుంది. పెద్దాయన చెప్పులు తిప్పి పంపారు. మూడోసారి మడమ కింద పొరలకు జిగురు మానేసి చుట్టూ దారంతోనే కుట్టి ఇస్తే, పాత దానంత కాకపోయినా కొంచెం కిర్రు పలికింది. ఇప్పుడు ఎనిమిది నెలలుగా అవే వేస్తున్నారు. పుండు లేదు. చీట్లాడే వాళ్లు మాత్రం చప్పుడు ఆలస్యంగా వినిపిస్తోందని ఫిర్యాదు చేస్తున్నారట.

డాక్టరు రాసిన బూట్లే మంచివి కావచ్చు. వేసుకోని మంచి చెప్పు కన్నా వేసుకునే ఓ మోస్తరు చెప్పు మేలని ఈ విలేకరి అభిప్రాయం. అయితే వంకర బాగా తిరిగిన కాలు, పచ్చి పుండు ఉన్న కాలు, వేలాడే పాదం సంత చెప్పుకు లొంగవు. వాటికి ఆస్పత్రిలో అచ్చు తీసి చేయించాల్సిందే. ఈ ప్రాంతంలో కుష్ఠు వారికి సాలూరు ఫిలడెల్ఫియా ఆస్పత్రి ఎరిగిన చోటే. ఆ మాట చెప్పులు కుట్టే ఆయనే ముందుగా చెబుతారు. పచ్చి పుండుతో వచ్చిన వాళ్ల దగ్గర ఆయన కొలత కూడా తీసుకోరు.

గుమ్మం దగ్గర వచ్చే చిక్కు

చెప్పు ఎంత బాగా కుట్టినా మన ఇళ్లలో దాన్ని గుమ్మం బయటే విడవాలి. గుడి ముందు విడవాలి. మధ్యాహ్నం ఎండకు కాలిన గుడి రాళ్ల మీద ప్రదక్షిణ చేసి బొబ్బలతో ఇంటికి వచ్చిన సుగరు రోగులు ప్రతి ఊళ్లో ఉంటారు. విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను నాడు వట్టి కాళ్లతో నడవాలని మొక్కుకునే వాళ్లూ ఉన్నారు. ఎండెక్కక ముందే దర్శనం చేసుకోవడం, రాతి మీద మందపాటి మేజోళ్లు వేసుకోవడం వంటి ఉపాయాలున్నాయి. ఇంట్లో వేసుకోవడానికి వీధి మొహం చూడని జత ఒకటి వేరే పెట్టుకోవచ్చు. పెద్దాయన ఇంట్లో మొదట అత్తగారి కాలం నాటి ఆచారమని ఆడవాళ్లు ఒప్పుకోలేదు. వేలు పోయాక ఒప్పుకున్నారు. వంటింట్లోకీ, దేవుడి గదిలోకీ మాత్రం ఇప్పటికీ లేదు, అక్కడ గోనె పట్టా పరిచారు.

రోజూ పడుకునే ముందు దీపం దగ్గర అరికాలు చూసుకోవాలి. వంగలేని వాళ్లు అద్దం కింద పెట్టి చూడవచ్చు, లేదా మనవల చేత చూపించుకోవాలి. చెప్పు వేసుకునే ముందు చెయ్యి లోపల పెట్టి తడమాలి. చేతికీ స్పర్శ లేకపోతే తిరగేసి దులపాలి. కొత్త జత మొదటి రోజు అరగంటే. విప్పాక ఎక్కడైనా ఎరుపు కనబడి, కాసేపటికీ తగ్గకపోతే ఆ చెప్పు తిరిగి కుట్టేవాడి దగ్గరకు వెళ్లాలి. కుష్ఠు వల్ల కాలు ఎండి పగుళ్లిచ్చే వాళ్లు చల్లటి నీళ్లలో పావుగంట నానబెట్టి, గరుకు రాయితో మెల్లగా రుద్ది, తడి మీదే నూనె రాసుకోవాలని ఆస్పత్రుల్లో చెబుతారు. సుగరు వాళ్లు మాత్రం నానబెట్టకూడదు. కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడుచుకోవాలి. ఒకరికి చెప్పింది మరొకరు చేసి చెడిన సందర్భాలున్నాయి కనుక ఇది రాయవలసి వచ్చింది.

మట్టెలు, పసుపు

మళ్లీ ఆ ఇల్లాలి దగ్గరకు వద్దాం. అరగంట బేరం తర్వాత కుదిరింది ఇది. అడుగు ఎంసీఆరే, కానీ అంచు చుట్టూ సన్నటి తోలు బద్ద తిప్పితే లావు కనబడదు. పట్టీలు నలుపు కాదు, కుంకుమ రంగు. వాటి మీద బొబ్బిలి బజారులో ఆమే ఎంచుకున్న సన్న జరీ అంచు. జరీ గరుకు కనుక అది పైవైపే, లోపల మెత్తటి తోలు. మడమ పట్టీ అంటుకునే రకం కాదు, చిన్న ఇత్తడి బకిలు, అది బయటి పక్కకు. చీర అంచు దాన్ని కప్పేస్తుంది. మడమ ఎత్తు ఆమె అడిగింది, ఆయన ఇవ్వలేదు. ఎత్తు పెంచితే బరువంతా ముందుకు, ఆ పాత పుండు మచ్చ మీదకే వస్తుంది. అక్కడ మాత్రం ఆమె ఓడిపోయింది. ధర బజారులో మంచి జతకు ఇచ్చే పాటే.

మట్టెల దగ్గర ఇద్దరికీ కుదరలేదు. వంకర వేళ్లకు బిగుతు మట్టెలు ఉంటే పక్క వేలికి ఒత్తుకుని పుండు పడుతుంది, తీసేయమని ఆయన సలహా. ముత్తైదువు కాలికి మట్టెలు లేకుండా కొడుకు పెళ్లి చేస్తుందా? పీటల మీద కూర్చున్నంత సేపూ పెట్టుకుని, లేచాక తీసి కొంగున ముడేసుకుంటానంది. కంసాలి చేత మట్టెలు వదులు చేయించడానికి ఒప్పుకుంది.

ఇంతా అయ్యాక ఆమె అసలు బెంగ చెప్పింది. చెప్పుల మీద కాదట. పెళ్లికొడుకు తల్లికి పేరంటాళ్లు కాళ్లకు పసుపు రాస్తారు. వియ్యపురాలి తరఫు వాళ్లు పాదం చేతిలోకి తీసుకుంటారు. అప్పుడు ఏ జరీ అంచు కప్పుతుంది?

"మరి ఏటి సేస్తావప్పా?" అని చెప్పులు కుట్టే ఆయన అడిగారు.

"నా కోడలికి తెలుసు కదా. దాన్నే రాయమంటాను" అంది ఆమె. పెళ్లి పీటల మీది కొత్త కోడలు లేచి వచ్చి అత్తగారి కాళ్లకు పసుపు రాసే ఆచారం ఈ ప్రాంతంలో ఉందో లేదో పంతులు గారిని అడగాలట.

మాఘానికి ఇంకా వ్యవధి ఉంది. చెప్పులు వచ్చే సంతకు తయారవుతాయి. ఆ రోజు నుంచి ఆమె రోజుకు అరగంట చొప్పున ఇంట్లో నడిచి అలవాటు చేసుకోవాలి. బకిలు పెట్టుకోవడం వంకర వేళ్లతో కుదరకపోతే కొడుకు పెడతానన్నాడు.